జేబులో ఫ్యూజు

1వ రోజు

ఈ పుస్తకంలో పెన్నుతోనే రాయాలట. తెర మీద రాస్తే పెద్దబోర్డు తప్పులన్నీ దిద్దేస్తుంది, దిద్దిన పుస్తకం చూసి మనిషికి పని వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది, అని మొదటి నిబంధన. మొత్తం పంతొమ్మిది నిబంధనలున్నాయి. నేను నాలుగో దాకా చదివి ఆపేశాను. ఆ నాలుగోది చదివాక ఎవరైనా ఆపేస్తారు. నేర్చుకునే మనిషి తప్పు వల్ల ఇంకొకరికి కరెంటు ఆగితే, అప్పటిదాకా గడిచిన రోజులన్నీ కొట్టేసి మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. తప్పు ఏ రోజు తెలిస్తే ఆ రోజే ఇందులో రాయాలి.

నా పేరు కామాక్షమ్మ. వయసు నలభై ఒకటి. పద్నాలుగేళ్ళు నిలువూరు ఊరడింపు శాఖలో పనిచేశాను. మా ఊళ్ళో వీధులు పక్కపక్కన ఉండవు, ఒకదాని మీద ఒకటి తొంభై రెండు ఉంటాయి. ప్రతి ఇంట్లో ఫ్రిజ్జుకీ పొయ్యికీ బట్టలుతికే మిషనుకీ నోరుంది. నోరుంది కాబట్టి అలకలూ ఉన్నాయి. అలిగిన యంత్రం పక్కన కూర్చుని, అది చెప్పేది విని, బుజ్జగించి మళ్ళీ పనిలోకి దింపడం నా ఉద్యోగం. పోయిన నెల ఆ విద్య పెద్దబోర్డే నేర్చేసుకుంది. ఊరంతటికీ కరెంటు పంచే యంత్రం అది. ఒకేసారి ఎనిమిది వేల ఫ్రిజ్జులను ఊరడించగలదు, మధ్యలో టీకి లేవదు. మా శాఖ మూసేశారు.

ఉద్యోగాల కిటికీ దగ్గర నాకు రెండు దారులు చూపించారు. ఒకటి, పైకప్పు మీద సోలార్ పలకలు తుడిచే పని. తొంభై రెండో వీధికి పైన, చుట్టూ పిట్టగోడ కూడా లేని చోట. నేను స్టూలెక్కితే కళ్ళు తిరిగే మనిషిని. రెండోది, మనిషి వైర్‌మన్ శిక్షణ, నూరు రోజులు. పదకొండేళ్ళుగా అందులో ఎవరూ చేరలేదు. దాని దరఖాస్తు కాగితం కోసం గుమాస్తా అరగంట వెతికాడు.

గురువు పేరు చెంచురామయ్య. అరవై తొమ్మిదేళ్ళు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క వైర్‌మన్. మూడో వీధిలో నీళ్ళ పంపుల వెనక ఆయన గది. నన్ను ఎగాదిగా చూసి ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లేయరు, జేబుకి గుండీ ఉన్న చొక్కాలు రెండు చేతిలో పెట్టారు.

"ఇంతకు ముందు ఏం పని చేస్తా ఉన్నావు పాపా?"

"యంత్రాలతో మాట్లాడేదాన్ని అయ్యోరూ."

"ఇక్కడ మాట్లాడబాక. ఒకసారి విన్నావంటే అవి ఇంక వొదిలిపెట్టవు."

ఈ రోజు పాఠం ఒకటే. ఎక్కడైనా కరెంటు ఆగితే పెద్దబోర్డు దాన్ని జబ్బనుకుంటుంది. తొంభై సెకన్లలో దానంతట అదే మళ్ళీ కరెంటు ఇచ్చేస్తుంది, అక్కడ మనిషి చెయ్యి ఉందో లేదో చూడదు. అందుకని ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు ఆ లైను పింగాణీ ఫ్యూజును చేత్తో ఊడబీకి జేబులో వేసుకోవాలి. బోర్డుకి ఎంత తెలివి ఉన్నా మన జేబులో చెయ్యి పెట్టలేదు.

"ఫ్యూజు నీ జేబులో ఉన్నంతసేపు నువ్వు బతికుంటావు. గుండీ పెట్టుకో," అన్నారు.

పని గంటలు: రెండు. రోజూ పేజీ కింద గురువు సంతకం ఉండాలి. ఆయన చెయ్యి వణుకుతుంది. "చూశా. చెం.రా." అని రాసేలోపు నా టీ చల్లారిపోయింది.

2వ రోజు

మొదటి కేసు. ఇరవై ఏడో వీధిలో వజ్రమ్మ గారి ఇడ్లీ మిషను మూడు రోజులుగా ఉడికీ ఉడకని ఇడ్లీలు పెడుతోంది. ఆ వీధికంతటికీ పొద్దున టిఫిన్లు పంపేది వజ్రమ్మ గారే. అయ్యోరు పనిముట్ల డబ్బా మరిచిపోయి, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ మూడో వీధికి వెళ్ళారు. ఆయన వచ్చేలోపు ఊరికే ఎందుకుండాలని నేను మిషను ముందు కూర్చుని పలకరించాను.

అది నలభై నిమిషాలు చెప్పింది. తను పుట్టిన ఫ్యాక్టరీ సంగతి, పక్కింటి దోసె మిషను తనని చిన్నచూపు చూడడం, పిండి పోసేటప్పుడు ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడకపోవడం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇడ్లీలు మాత్రం అలాగే జారుగా ఉన్నాయి.

అయ్యోరు వచ్చి ఫ్యూజు ఊడబీకారు. మిషను మాట మధ్యలో ఆగిపోయింది. నాలుగు మరలు విప్పితే, లోపల హీటరుకు వెళ్ళే తీగ వదులై, కొస నల్లగా మాడి ఉంది. మాడిన ముక్క కత్తిరించి, తీగ గీకి మళ్ళీ బిగించారు. ఆరు నిమిషాలు.

"నువ్వు దాని బాధ అడిగినావు, చెప్పింది. నేను మూత తీసినా," అన్నారు.

ఫ్యూజు పెట్టగానే మిషను "ఎంతవరకు చెప్పాను?" అంది. ఇద్దరం బయటికి వచ్చేశాం. వజ్రమ్మ గారు గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఇటుపక్కకొచ్చి మా ఇంట్లో అన్నం తినకుండా పోయినావో, చూడు మే!"

పని గంటలు: ఆరు నిమిషాలు. నా నలభై నిమిషాలు లెక్కలోకి రావట.

8వ రోజు

తీగలో కరెంటు లేదని తెలుసుకోవడానికి మూడుసార్లు పరీక్ష చెయ్యాలి. ముందు కరెంటున్న చోట టెస్టరు పెట్టి, టెస్టరు బాగుందో లేదో చూడాలి. తర్వాత మనం ముట్టుకోబోయే తీగకి పెట్టాలి. తర్వాత మళ్ళీ కరెంటున్న చోట పెట్టి, మధ్యలో టెస్టరు చచ్చిపోలేదని చూసుకోవాలి. పద్నాలుగేళ్ళు యంత్రం చెప్పిందల్లా నమ్మి బతికినదాన్ని, ఇంత అనుమానం నాకు కొత్త. అయితే బాగుంది. ఇంటికి వెళ్ళాక నా ఫ్రిజ్జు "పాలు బాగానే ఉన్నాయి" అంటే గిన్నె తీసి వాసన చూశాను. పాలు విరిగిపోయి ఉన్నాయి.

15వ రోజు

రెండు తీగలు కలిపి జాయింటు వెయ్యడం ఐదు రోజులుగా నేర్చుకుంటున్నాను. మొదట నేను వేసినదాన్ని అయ్యోరు వెలుగులో పెట్టి చూశారు.

"ఇది జడ. పూలు పెడితే పెళ్ళికి పోవొచ్చు. కరెంటు పోదు."

ఆయన పరీక్ష వేరే. జాయింటు వేసిన తీగను కొక్కేనికి కట్టి, దాని కొసకు తన నాలుగు గిన్నెల అన్నం క్యారియరు తగిలిస్తారు. మధ్యాహ్నం దాకా నిలబడితే జాయింటు మంచిది. పడితే ఆ రోజు ఇద్దరికీ పస్తు. ఈ వారంలో సాంబారు మూడుసార్లు, పెరుగు ఒకసారి నేల పాలయ్యాయి. ఈ రోజు పదకొండున్నర దాకా ఆగింది. అయ్యోరు వంగి చిక్కుడుకాయ వేపుడు ఏరుకుంటూ "పైకొస్తా ఉండావు," అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ మెచ్చుకోలేదని కాదు, యంత్రాలు చాలా మెచ్చుకునేవి. కానీ ఈ మాటకి నా చెవులు వేడెక్కాయి.

33వ రోజు

ఈ దారిలో పైకి వెళితే ఏముంటుందని అడిగాను. అయ్యోరు చెప్పారు. నూరు రోజులు పూర్తయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టి, పుస్తకం చూసి, వైర్‌మన్ లైసెన్సు ఇస్తాడు. పదేళ్ళయ్యాక సూపర్‌వైజరు కావచ్చు. వైర్‌మన్‌లు చేసే పనిని సూపర్‌వైజరు చూడాలి. ఊళ్ళో ఉన్న వైర్‌మన్ తనొక్కరే కాబట్టి, ఆయన ఇరవై ఏడేళ్ళుగా పొద్దున పని చేసి సాయంత్రం దాన్ని తనే తనిఖీ చేస్తున్నారు. రెండుసార్లు తన మీద తనే ఫిర్యాదు కూడా రాశారట.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. నా నూరో రోజే ఆయన ఆఖరి రోజు. చేతుల వణుకు వల్ల ఇంక పొడిగించరు. ఆ రోజుకి లైసెన్సున్న మనిషి ఇంకొకరు లేకపోతే, మనిషి వైర్‌మన్ పోస్టు శాశ్వతంగా కొట్టేస్తారు. పెద్దబోర్డు ఎప్పటినుంచో అదే అడుగుతోంది.

"ఆ తర్వాత బోర్డుకే జబ్బు చేస్తే?"

"దాన్ని అదే ఊరడించుకుంటది," అన్నారు. నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు. నేను నూరు రోజులు పూర్తి చేసి తీరాలి.

61వ రోజు

ఈ రోజు ఒంటరిగా వెళ్ళి పని చేశాను! ఇరవై ఏడో వీధిలో నడవా దీపాలు మిణుకుమంటున్నాయి. అయ్యోరు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ "పోయిరా పాపా," అన్నారు, అంతే. ఫ్యూజు తీశాను, జేబులో వేసుకున్నాను, గుండీ పెట్టుకున్నాను. మూడుసార్లు పరీక్ష చేశాను. హోల్డరు వెనక వదులైన తీగ దొరికింది. గీకి బిగించాను. స్టూలెక్కి, రెండు కళ్ళూ మూసుకుని కాదు, ఒక్క కన్నే మూసుకుని చేశాను.

దిగేసరికి వజ్రమ్మ గారు స్టూలు పక్కనే నిలబడి ఉంది. బొమ్మిడాయ చేపల పులుసు వండిందట. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. రెండుసార్లు మారు వడ్డించుకున్నాను. ఇడ్లీ మిషను నన్ను గుర్తుపట్టి మిగిలిన కథ మొదలుపెట్టింది. అది తప్పించుకోవడానికి గబగబా లేచి వచ్చేశాను.

పని గంటలు: ఒకటి. అయ్యోరు అడిగారు, "అంతా సరిగ్గా చేసినావా?" చేశానన్నాను. "చూశా. చెం.రా."

62వ రోజు

ఊళ్ళో ఏదో అయింది. పొద్దున మా పొయ్యి వెలగనంది, కారణం అడిగితే "మీకు తెలియదా" అంది. లిఫ్టులు రెండు నలభయ్యో వీధిలో పక్కపక్కన ఆగిపోయి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. ఫిర్యాదుల పెట్టె ఫిర్యాదులు తీసుకోవడం లేదు, తన ఫిర్యాదు ముందు వినాలంటోంది. పెద్దబోర్డు ఊరంతా వినిపించేలా ప్రకటన చేసింది: "మహాజనులారా, నా ఊరడింపు శక్తి నిన్న మధ్యాహ్నం నుంచి లుప్తమైనది. రెండు వందల పద్నాలుగు కారణాలను పరిశీలించుచున్నాను. దయచేసి యంత్రములతో సౌమ్యముగా మెలగండి."

64వ రోజు

తొంభై రెండు వీధులూ అలిగి కూర్చున్నాయి. ముసలివాళ్ళు మెట్లెక్కలేక ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. నేనూ అయ్యోరూ రోజంతా మెట్ల మీదే ఉన్నాం. ఎక్కడ మూత తీసి చూసినా తీగలు బాగానే ఉన్నాయి, కరెంటు వస్తూనే ఉంది. యంత్రాలకి పనిచెయ్యాలని లేదు, అంతే. అయ్యోరు ప్రతి పది మెట్లకీ కూర్చున్నారు. యాభై ఏళ్ళలో ఇట్టాంటి జబ్బు చూడలేదన్నారు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. ఆఖరి రోజుల్లో తనకు అంతుపట్టని జబ్బు రావడం ఆయనకి అవమానంగా ఉంది.

66వ రోజు

ఉద్యోగాల గుమాస్తా ఇరవై రెండు వీధులు మెట్లు దిగి నా కోసం వచ్చాడు. ఊరడింపు శాఖ మళ్ళీ తెరుస్తున్నారట. ఈసారి నేను మామూలు ఉద్యోగిని కాదు, శాఖాధికారిని. చేతులున్న కుర్చీ, కింద నలుగురు మనుషులు. ఎల్లుండిలోగా చెప్పమన్నాడు. అయ్యోరు పక్కకి తిరిగి, శుభ్రంగా ఉన్న టెస్టరునే తుడుస్తూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. నిజం చెప్పొద్దూ, కుర్చీ గురించే ఎక్కువ ఆలోచించాను.

67వ రోజు

ఊరడింపు శాఖకు శుభ్రమైన బట్టలతో వెళ్దామని, వారం రోజుల బట్టలు మిషనులో వేశాను. నా మిషను నాతో పద్నాలుగేళ్ళుగా ఉంది కాబట్టి నా మీద జాలిపడి తిరగడానికి ఒప్పుకుంది. ఐదు నిమిషాలకే ఆగింది.

"అమ్మా, కోప్పడకండి. మీ చొక్కా జేబులో పింగాణీ ముక్క ఒకటుంది. అది నా పొట్టలో గడగడమంటోంది."

గుండీ తీశాను. ఇరవై ఏడో వీధి ఫ్యూజు. ఆ రోజు విడిచిన చొక్కా అప్పటినుంచి బుట్టలోనే ఉంది, రెండోది వేసుకుని తిరుగుతున్నాను.

తడి చొక్కా పట్టుకునే ఆ రోజంతా వెనక్కి లెక్కపెట్టుకున్నాను. బొమ్మిడాయల పులుసు, మారు వడ్డన, ఇడ్లీ మిషను కథ, గబగబా మెట్లు దిగడం అన్నీ గుర్తొచ్చాయి. ఫ్యూజు తిరిగి పెట్టడం మాత్రం గుర్తు రాలేదు. పెట్టి ఉంటే కదా గుర్తుండడానికి! నడవా దీపాలు వెలిగేది చీకటి పడ్డాకే కాబట్టి ఆ మధ్యాహ్నం ఎవరికీ తెలియలేదు. చీకటి పడ్డాక ఆ వీధివాళ్ళు చేసిన ఫిర్యాదులు ఫిర్యాదుల పెట్టె తీసుకోలేదు. ఊరి జబ్బు మొదలైంది ఆ మధ్యాహ్నమే. ఈ ముక్కకీ పెద్దబోర్డు ఊరడింపుకీ ఏమిటి సంబంధమో నాకు తెలియదు, కానీ సంబంధం ఉందని మాత్రం తెలిసిపోయింది.

నోరు మూసుకుంటే చేతుల కుర్చీ వస్తుంది. రహస్యంగా వెళ్ళి పెట్టేస్తే నా రోజులు మిగులుతాయి, లైసెన్సు వస్తుంది. పుస్తకంలో రాస్తే అరవై ఏడు రోజులూ పోతాయి. నేను మళ్ళీ నూరు రోజులు పూర్తి చేసేలోపు అయ్యోరి ఆఖరి రోజు వచ్చేస్తుంది, పోస్టు కొట్టేస్తారు. అప్పుడు నాకు మిగిలేది పైకప్పు.

పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాను. తప్పు తెలిసిన రోజే రాయాలని నిబంధన. అందుకే ఇది రాస్తున్నాను. కానీ ఈ పేజీ చింపకుండా ఉంటానో లేదో తెలియదు.

68వ రోజు

పొద్దున్నే అయ్యోరి ముందు ఫ్యూజు పెట్టాను. ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. తన జేబు గుండీ తీశారు. వణికే వేళ్ళకి అది పెద్ద పని. లోపలినుంచి ఇంకో ఫ్యూజు తీసి నా ఫ్యూజు పక్కన పెట్టారు. పాతది, అంచులు అరిగిపోయి నున్నగా ఉంది.

"నలభయ్యో వీధిది. ముప్పై ఎనిమిదేళ్ళయింది," అన్నారు. "అప్పట్లో నేనూ మస్తానూ జతగా పని చేసేవాళ్ళం. ఊడబీకింది నేను. మరిచిపోయింది నేను. మూడు దినాలు ఆ వీధికి కరెంటు లేదు. ఆ దినం పుస్తకంలో సంతకం మాత్రం వాడిది. నాలుగో దినం జేబులో చెయ్యి పెడితే తగిలింది. అప్పటికి వాడి లైసెన్సు పెరికేసినారు."

"మీరు చెప్పలేదా?"

"నోరు రాలే పాపా. కొత్తగా పెళ్ళయి ఉండింది. రేపు చెబుదాం అనుకున్నా. ఆ రేపు ఇంకా రాలే."

మస్తాన్ గారిని పైకప్పు మీద పలకలు తుడిచే పనికి పంపారట. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఒకే ఊళ్ళో ఒకరి కింద ఒకరు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉంటూ, అయ్యోరు ఆయనకి ముఖం చూపించలేదు. నిన్నటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. చదివి, "చూశా" అని రాశారు.

తర్వాత ఇద్దరం మెట్లెక్కి ఇరవై ఏడో వీధికి వెళ్ళాం. వజ్రమ్మ గారు, వీధి జనం, ఇడ్లీ మిషను, అందరూ చూస్తుండగా ఫ్యూజు పెట్టాను. పైన ఎక్కడో లిఫ్టు కదిలిన చప్పుడైంది. వజ్రమ్మ గారి పొయ్యి క్షమాపణ చెప్పుకుంది. దీపం వెనక పలక విప్పి చూస్తే, మా శాఖ మూసేసిన రోజుల్లో పెద్దబోర్డు తన ఊరడింపు పెట్టెను తనే అక్కడ బిగించుకుని ఉంది. దగ్గరలో ఉన్న తీగ అదేనని దానికే తగిలించుకుంది. ఎవరికీ చెప్పలేదు.

"ధన్యవాదములు," అంది పెద్దబోర్డు. "కారణము: జేబు. ఇది నా జాబితాలో లేదు. రెండు వందల పదిహేనవదిగా చేర్చుకొనుచున్నాను."

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు ఇమ్మానియేలు గారు విచారణకి వచ్చారు. మూడో వీధిలో మా గదిలోనే కూర్చుని పుస్తకం మొదటినుంచీ చదివారు. సాంబారు పడిన చోట నవ్వారు, నిన్నటి పేజీ దగ్గర నవ్వలేదు.

"నాలుగో నిబంధన మీకు తెలుసుగదమ్మా?"

"తెలుసండీ."

"అరవై ఎనిమిది రోజులూ కొట్టేస్తున్నా. రేపు మళ్ళీ ఒకటో రోజు."

అయ్యోరు లేచి నిలబడ్డారు. "అయితే ఇంక పోస్టు పోయినట్టే గదా సార్. నా దినాలు ముప్పై రెండే ఉండాయి."

ఇమ్మానియేలు గారు కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీరిద్దరూ నిబంధనలు ఎంతవరకు చదివారు?"

"నాలుగో దాకా," అన్నాను. అయ్యోరు మెల్లగా, "నేనూ నాలుగో దాకే సార్," అన్నారు.

ఆయన పుస్తకం తిప్పి పదిహేడోది పైకి చదివారు. నేర్చుకునే మనిషి పేరు పుస్తకంలో ఉన్నంత కాలం పోస్టు కొట్టేయకూడదు, గురువు పని మానకూడదు. గురువు చెయ్యి వణికితే నేర్చుకునే మనిషి చెయ్యి వాడుకోవాలి. నేను రహస్యంగా ఫ్యూజు పెట్టేసి, ఆ సంగతి తర్వాత బయటపడితే పేరే కొట్టేసేవాళ్ళట. అది ఐదో నిబంధన.

గుమాస్తాకి కబురు పంపాను, శాఖ తెరిచినా తెరవకపోయినా కుర్చీ నాకు వద్దని.

1వ రోజు (మళ్ళీ)

కొత్త అలవాటు ఒకటి మొదలుపెట్టాం. ఎక్కడ పని ముగించినా, బయలుదేరే ముందు ఇద్దరం జేబులు బయటికి తీసి ఒకరికొకరు చూపించుకోవాలి. పొద్దున జాయింటు వేసి కొక్కేనికి కట్టాను. అయ్యోరు క్యారియరు తగిలించి, నా పుస్తకం అడిగారు. ఒక పేజీ వదలమన్నారు. గంటన్నర రాశారు. నలభయ్యో వీధి, ఆ తేదీ, మస్తాన్ పేరు, తన పేరు. సగం అక్షరాలు గీత దాటి పోయాయి. ఆయన ఏడుస్తూ రాశారు, దాచుకోలేదు.

"ఇది వాడికి చూపియ్యాల. నా మోకాళ్ళకి ఆ నిచ్చెన ఎక్కేది కాదు పాపా."

లిఫ్టు తొంభై దాకే వెళుతుంది. ఆపైన ఇనుప నిచ్చెన. పుస్తకం చొక్కాలో దోపుకుని, కళ్ళు రెండూ మూసుకుని ఎక్కాను. పైన గాలి. నేను మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి మొదటి పలక కాలు కావలించుకున్నాను. మస్తాన్ గారు గుడ్డ పట్టుకుని వచ్చి నా తల దగ్గర కూర్చున్నారు. తెల్ల గడ్డం, ఎండకి నల్లబడిన ముఖం. అలా బోర్లా పడుకునే ఆయనకి పుస్తకం అందించాను. ఆయన చదివారు. రెండోసారి చదివారు.

"నాకు తెలుసు మ్మా," అన్నారు. "నా లైసెన్సు పెరికేసిన దినం వాడు చెప్పు తొడుక్కోను వొంగినప్పుడు జేబులో ఫ్యూజు ఎత్తుగా కనిపించినాది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"వాడే చెబుతాడని చూసినా. నేను చెబితే వాడి ఉద్యోగం పోతది. వాడు చెబితే వాడికి ప్రాణం సుఖంగా ఉంటాది. ఇంత ఆలస్యం చేస్తాడని నేనేం కలగన్నానా!"

ఆ తర్వాత నేను దిగాలి. దిగలేను. ఎంత చెప్పినా నా చేతులు పలక కాలు వదల్లేదు. పావుగంట చూసి ఆయన విసుక్కుని, నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దింపారు. తొంభైలో వదిలేస్తారనుకున్నాను. నేను ఆయన చెయ్యి వదలకపోతే లిఫ్టు కూడా ఎక్కారు.

మూడో వీధిలో అయ్యోరు క్యారియరు కింద కూర్చుని ఉన్నారు. మస్తాన్ గారిని చూసి లేవబోయారు, మోకాళ్ళు లేవనివ్వలేదు.

"తిన్నావా మస్తానూ?" అన్నారు.

"తినేది తర్వాత. ముందు జేబు చూపియ్యరా."

అయ్యోరి వేళ్ళకి గుండీ అందలేదు. నేను సాయానికి వెళ్ళబోతే మస్తాన్ గారు నన్ను ఆపి, తనే వంగి గుండీ తీశారు. పాత ఫ్యూజు బయటికి తీసి, అరిగిన అంచులు వేలితో తడిమి చూశారు. దాన్ని తన జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నారు. తర్వాత ముగ్గురం క్యారియరు దించి తిన్నాం. అది పడలేదు. సాయంత్రం దాకా కూడా ఆగేదే.

పని గంటలు: ఒకటి. ఈ పేజీ కింద రెండు "చూశా"లున్నాయి, ఒకటి వణికింది, ఒకటి వణకనిది. లైసెన్సు లేని మనిషి సంతకానికి విలువ లేదని పెద్దబోర్డు ప్రకటించింది. దాన్ని ఎవరూ అడగలేదు.